ముందే అతికించిన నోటీసు

మా షాపుకు ఒకే మధ్యాహ్నం రెండు ఆర్డర్లు వచ్చాయి. ఒకటి, చనిపోయిన మనిషికి శ్రద్ధాంజలి ఫ్లెక్సు. రెండోది, ఆ మనిషి చావుకు ఆ మనిషే బాధ్యుడని చెప్పే బోర్డు. రెండూ పంపినవాడు ఒక్కడే. రెండింటికీ సైజు కూడా ఒక్కటే చెప్పాడు.

నాందేడ్ పాత మోండాలో, అంటే పాత ధాన్యం బజారులో, మాది ఫ్లెక్సు ప్రింటింగ్ షాపు. మా తాత ధర్మాబాద్ నుంచి వచ్చి పలకలు, కాగితాలు అమ్మిన గది అది. నేను ఇంజినీరింగు మధ్యలో వదిలేసి వచ్చి అందులో ప్రింటింగ్ మిషను పెట్టించాను. పనికి లోటు లేదు. మామూలు మనిషి పుట్టినరోజు అతని ఇంట్లోవాళ్ళకు తెలిస్తే చాలు. నాయకుడి పుట్టినరోజు మాత్రం ప్రతి చౌరస్తాకూ తెలియాలి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏం రాసి ఉందో చదవం. ఎవరి తల ఎవరి తల పక్కన ఉంది, ఎవరి తల ఎవరి తల కన్నా పెద్దగా ఉంది, ఇంతే చూస్తాం. అక్షరం తప్పు పోతే ఎవరూ పట్టించుకోరు. తల తప్పు పోతే షాపు మీదికి వస్తారు.

ఎదురుగా ఒక పాత రెండంతస్తుల బిల్డింగు ఉండేది. కింద గోదాములు. మొదటి అంతస్తులో ఒక టైలరు. ధర్మాబాద్ దగ్గరి కర్ఖేలి ఊరి మనిషి. అక్కడ కూలి పని చేసే ఇంట్లో పుట్టి, ఇక్కడికొచ్చి కుట్టుపని నేర్చుకున్నాడు. మా నాయకుల జెండాలు, మెడ కండువాలు అతనే కుట్టేవాడు. అతని నెత్తి మీద, ఆ పాత స్లాబు పైన, బిల్డింగు ఓనరు ఇటుక గోడలు లేపి, రేకులు వేసి, అభ్యాసిక పెట్టాడు. అంటే పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కుర్చీ, బల్ల అద్దెకిచ్చే గది. ఈ ఊళ్ళో ఖాళీ జాగా కనబడితే మొక్క మొలవదు, అభ్యాసిక మొలుస్తుంది. పర్మిషను ఉందా అని ఎవరూ అడగలేదు. ఓనరు భావూకు బామ్మర్ది.

భావూ అంటే మా వార్డు నగర్‌సేవక్, అంటే కార్పొరేటరు. పేరుకు మాజీ. చాలా ఏళ్ళు ఎన్నికలు జరగకపోవడం వల్ల ఊళ్ళో నగర్‌సేవకులందరూ మాజీలయ్యారు. ఆ సంగతి భావూ మాటకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. అది ఎక్కడికి పోయినా పని చేయించుకునే వచ్చేది.

నాలుగు రోజులు విడవకుండా వాన పడ్డాక, ఒక మధ్యాహ్నం ఆ స్లాబు కిందికి వచ్చేసింది. పిల్లల్లో ఎక్కువమంది చాయ్ తాగడానికి దిగి ఉన్నారు, పైన ఉన్న కొద్దిమంది దెబ్బలతో బయటపడ్డారు. టైలరుకు చాయ్ అలవాటు లేదు. చదువు కన్నా చాయ్ మేలని నేను అప్పటినుంచీ అంటున్నాను. ఎవరూ నవ్వడం లేదు.

మర్నాడే ఆ రెండు ఆర్డర్లు వచ్చాయి. తెచ్చినవాడు భావూ ఆఫీసు మనిషి. శ్రద్ధాంజలి ఫ్లెక్సు సంగతి సరే, బోర్డు సంగతి చూస్తే మరాఠీలో ఇలా ఉంది: ఈ భవనం ప్రమాదకరం, ఇందులో ఉండేవారు వెంటనే ఖాళీ చేయాలి, చేయకపోతే జరిగే నష్టానికి వారే బాధ్యులు. కింద వానాకాలానికి ముందటి తేదీ.

"తేదీ తప్పు వడ్డది," అన్నాను.

"తప్పేం లేదు. గట్లనే వెయ్యి చిన్న సేట్."

ఏటా వానలకు ముందు వార్డు కార్యాలయం వాళ్ళు పాడుబడ్డ ఇళ్ళ మీద ఇలాంటి నోటీసులు అతికిస్తారు. ఈ బిల్డింగు మీద ఎన్నడూ అతికించలేదు. భావూ బామ్మర్ది గోడ మీద కాగితం అతికించేంత జిగురు ఆ కార్యాలయంలో లేదు. ఇప్పుడు మనిషి పోయాక, నోటీసు ముందునుంచే ఉన్నట్టు చూపాలి. ఉంటే కార్యాలయం తన పని చేసినట్టు, ఓనరు హెచ్చరించినట్టు, టైలరే మొండిగా కూర్చుని పైకప్పును నెత్తి మీద వేసుకున్నట్టు అవుతుంది.

మేం ఏదీ చదవం అని అన్నాను కదా. ఇది చదివాను. చదివి కూడా ప్రింట్ నొక్కాను. మా షాపు గది మున్సిపాలిటీది. మా పనిలో సగం పార్టీది. ఇవి కారణాలని చెప్పుకోవచ్చు. అసలు కారణం, వచ్చిన ఆర్డరుకు చెయ్యి దానంతట అదే మౌసు మీదికి పోతుంది.

బోర్డు బయటికి వచ్చాక ఆ మనిషి వేలితో రుద్ది చూశాడు. "మస్తు మెరుస్తుంది. పాతగ కనవడాలె గదా."

"రెండు దినాలు గోదావరి బురదల నానవెట్టుండ్రి. మీ తాత లగ్గం నాటిది లెక్క అయితది," అన్నాను.

వాడు పడీ పడీ నవ్వాడు. మూడో రోజు పొద్దున చూస్తే, ఎదురుగా మిగిలిన గోడకు ఆ బోర్డు వేలాడుతోంది, ఎండిన బురదతో. అంచుల్లో గోధుమ రంగు మరకలు. చాయ్ పోశారు. చాయ్ నా ఆలోచన కాదు. కానీ బాగా పనిచేసింది.

నా జోకును ఎవరైనా సీరియస్‌గా తీసుకోవడం నా జీవితంలో అదే మొదలు.

ఆ పూటే బాపు అన్నం ముందు కూర్చుని చెప్పాడు. మా బాపు పార్టీకి వార్డు అధ్యక్షుడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పార్టీ, అదే పదవి. పార్టీ రెండుసార్లు ముక్కలైంది. రెండుసార్లూ బాపు భావూ ఉన్న ముక్కలోనే తేలాడు.

"రేపు పంచనామా ఉన్నది. నువ్వు పంచ్‌గ సంతకం వెట్టాలె."

పంచనామా అంటే జరిగిన చోటికి వచ్చి, చూసింది చూసినట్టు రాసుకునే సర్కారు కాగితం. దానికి ఇద్దరు స్థానికులు పంచ్‌లుగా, అంటే సాక్షులుగా సంతకం చేయాలి. మోండాలో తాళం పగిలినా, లారీ బోల్తా పడ్డా, పంచ్ ఎవరంటే మా బాపే. ఆయన సంతకం తెలుగులో ఉంటుంది. మరాఠీ క్లర్కులకు అదేదో ముగ్గు లాగా కనిపిస్తుంది, అయినా దాన్ని నమ్ముతారు.

"నువ్వే పెట్టు బాపు. నీకు అలవాటే గదా."

"నేను పార్టీ మనిషిని. పేపరోల్లు ఆడిపోసుకుంటరు. నీకు ఏ పార్టీ లేదు."

"నాకు గిసుంటియి వద్దనే లేకుండ ఉన్న."

"గందుకే నువ్వు కావాలె."

"నోటీస్ ముందుగాల నుంచే ఉన్నదని నేను సంతకం వెట్ట. ఆ బోర్డు నేనే ప్రింట్ జేసిన. మొన్న."

బాపు నవ్వాడు. పప్పు వడ్డిస్తూ అమ్మ కూడా నవ్వింది. "నీ పరాచికాలు చాలు గని, అన్నం తిను," అంది.

ఇన్నేళ్ళుగా మా ఇంట్లో చావు వార్త వచ్చినా, పెళ్ళి చెడిపోయినా, ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెట్టగానే నేనొక మాట అనేసి దాన్ని పంక్చర్ చేసేవాణ్ణి. దానికి ఇప్పుడు ఫలం దక్కింది. నేను నిజం చెప్పినా అది అన్నంలో నంచుకునే వస్తువైపోయింది.

పంచనామా పొద్దున్నే జరిగింది. సన్నటి తుంపర. కూలిన గోడ ముందు ప్లాస్టిక్ కుర్చీలో క్లర్కు, ఒడిలో అట్ట, అట్ట మీద కాగితాలు. మొదటి పంచ్ ఎవరో అప్పటికే సంతకం పెట్టి పోయాడు. భావూ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. పక్కన బాపు, గొడుగు కిందికి సగం, వానలోకి సగం.

క్లర్కు మరాఠీలో చదివాడు: నోటీసు వానలకు ముందునుంచే గోడ మీద ఉన్నట్టు, అద్దెకున్న టైలరుకు చదివి వినిపించినట్టు, అతను ఖాళీ చేయనని అన్నట్టు స్థానిక పంచ్‌లు చెబుతున్నారు. చదివి పెన్ను నా చేతికిచ్చాడు.

"సాబ్, ఆ బోర్డు మొన్న నా మిషన్ల ప్రింటయింది," అన్నాను. "బురద గూడ నా సలహానే."

క్లర్కు ముందు నవ్వాడు. తర్వాత భావూ నవ్వాడు, కాబట్టి తర్వాత అందరూ నవ్వారు.

"కాకా, నీ పోరన్ని స్టేజీ ఎక్కియ్యాలె. గిక్కడ ఫ్లెక్సులు కొట్టుకుంట ఏం జేస్తుండు?" అన్నాడు భావూ.

"నేను నవ్వుకుంట చెప్తలేను భావూ. ఆ టైలరుకు మరాఠీ చదువరాదు. ఏ కాయితం వచ్చినా నా దగ్గరికే తెచ్చి చదివించుకునేటోడు. కరెంటు బిల్లు తెచ్చిండు, బిడ్డ స్కూలు కాయితం తెచ్చిండు. గీ నోటీసు తేలే. లేకుండె గన్క తేలే."

ఈసారి నవ్వు ఆగింది. నేను ఏదో గొడవ జరుగుతుందని సిద్ధమయ్యాను. అరుస్తాడనుకున్నాను, షాపు గది సంగతి ఎత్తుతాడనుకున్నాను. భావూ నా వైపు చూడను కూడా చూడలేదు. బాపు వైపు తిరిగి ఒక్కమాట అన్నాడు.

"కాకా?"

బాపు నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. వంగి, క్లర్కు ఒడిలో ఉన్న కాగితం మీద తన ముగ్గు వేశాడు. క్లర్కు తడవకుండా కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నాడు. పేపరోళ్ళ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తిరిగి షాపుకు నడుస్తుంటే అడిగాను. "ఎందుకు వెట్టినవ్?"

"నువ్వు వెడ్తవని మాటిచ్చిన. నువ్వు వెట్టలే."

అంతే. ఆయన దృష్టిలో అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. సంతకం పెట్టాల్సిన ఒక ఖాళీ. దాంట్లో కొడుకు పట్టకపోతే తండ్రి పట్టాలి.

వారం తర్వాత టైలరు భార్య షాపుకు వచ్చింది. ఆమెను నేను అక్కా అంటాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"చిన్న సేట్, సాయం కోసం ఆఫీసుకు పోతే, మీ ఆయన నోటీస్ చూసి గూడ కూసున్నడు, ఆయనదే తప్పు అన్నరు. ఇట్ల రాసి ఉన్నదట. నిజమా?"

"రాసి ఉన్నది నిజమే."

"నోటీస్ ఉండెనా అని అడుగుతున్న."

"లేకుండె అక్కా."

ఆమె ఎదుటి గోడకున్న బోర్డు వైపు చూసింది. "నా బిడ్డ అడుగుతుంది. నాయిన ఎరికుండే ఎందుకు కూసున్నడు, మనకోసం గూడ లేవకపాయెనా అని. దానికి ఏం చెప్పాలె? నువ్వు నాకు చెప్పినవ్, మంచిగనే ఉన్నది. ఆఫీసోల్లకు చెప్పు."

అప్పటికే జిల్లా నుంచి ఒక విచారణాధికారి వచ్చి ఉన్నాడు. ఎవరికి ఏం తెలిసినా వచ్చి చెప్పవచ్చని పేపర్లో వేశారు. వెళ్ళడానికి నాకు పది నిమిషాల దూరం. మధ్యలో అడ్డం ఉన్నది ఒక్కటే, బాపు సంతకం. నోటీసు అబద్ధమని నేను చెబితే, సర్కారు కాగితం మీద అబద్ధం చెప్పినవాడుగా దొరికేది భావూ కాదు. భావూ ఎక్కడా సంతకం పెట్టడు. ఇరవై ఎనిమిదేళ్ళ రాజకీయంలో ఆయన నేర్చుకున్నది అదే, మా బాపు నేర్చుకోనిది అదే.

తొమ్మిది రోజులు నేను ఆయన దగ్గరికి పోలేదు. ఆ తొమ్మిది రోజులూ బాపూ నేనూ ఒకే షాపులో, పక్కపక్క కంచాల ముందు, ఒకే కూలరు ఎదుట కూర్చున్నాం. ఇల్లు పెద్దదేం కాదు. కోపం వస్తే పోయి కూర్చోవడానికి ఇంకో గది లేదు. బాత్రూము ఉంది కానీ దానికి గొళ్ళెం సరిగా పడదు. బోర్డు మాత్రం ఎదురుగానే. షట్టరు ఎత్తగానే అది, దించేటప్పుడు అది. వాన పడితే బురద కరిగి కింద నా ప్రింటు తళతళా కనబడేది. మర్నాడు ఎవరో మళ్ళీ బురద పూసేవారు. ఆ కార్యాలయంవాళ్ళు ఒక పని అంత శ్రద్ధగా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

పదో రోజు బాపే కదిపాడు. కత్తెరతో ఫ్లెక్సు అంచులు కోస్తూ, తలెత్తకుండా.

"పోతున్నవా?"

"ఏడికి?"

"ఏడికో నీకు ఎరికే. నువ్వు చెప్తే భావూకు ఏం గాదు. అయితే నాకు అయితది."

"ఎరికే. గందుకే పోతలేను."

"నేను పొమ్మంట లేను. పోవద్దని గూడ అంట లేను."

"మరేమంటున్నవ్ బాపు?"

"కూలరుల నీళ్ళు పొయ్యి అంటున్న."

నీళ్ళు పోశాను. బకెట్ పక్కన పెట్టి, ఆ బోర్డు డిజైను ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని, ఆర్డరు రాసుకున్న చీటీ జేబులో పెట్టుకుని బయల్దేరాను. బాపు చూశాడు. కత్తెర చప్పుడు ఆగింది.

విచారణాధికారికి హాస్యమంటే ఏమిటో తెలియదు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి. నేను బురద సంగతి చెప్పినప్పుడు "ఏ బురద? ఎక్కడిది?" అని అడిగి రాసుకున్నాడు. చాయ్ సంగతి కూడా రాసుకున్నాడు. ఫైలు మీద అది తయారైన తేదీ చూశాడు. చివరికి, "రెండో పంచ్ మీకేమవుతాడు?" అన్నాడు.

"తండ్రి."

పెన్ను ఒక్క క్షణం నిలిచింది. తర్వాత అది కూడా రాసుకున్నాడు.

రిపోర్టు వచ్చేసరికి వానలు వెనక్కి పోయాయి. నోటీసు ముందుగా అతికించలేదు, టైలరుకు హెచ్చరిక అందలేదు అని అందులో తేలింది. క్లర్కును సస్పెండ్ చేశారు. ఓనరు ఆరోగ్యం బాగాలేక ఆస్పత్రిలో చేరాడు. ఈ దేశంలో బిల్డింగు కూలితే మొదట గుండెనొప్పి వచ్చేది కట్టినవాడికే. భావూ ప్రెస్సువాళ్ళను పిలిచి, తప్పు చేసినవాడు తన పార్టీవాడైనా వదలనని చెప్పాడు. వదల్లేదు. తప్పుడు పంచనామా చేసినందుకు మా బాపును పార్టీ నుంచి ఆరేళ్ళు బహిష్కరించారు. ఉత్తరం వాట్సాపులో వచ్చింది, వార్డు గ్రూపులో, అందరికీ కలిపి. కింద నాలుగైదు చేతులు జోడించిన బొమ్మలు. తర్వాత బాపును గ్రూపు నుంచి తీసేశారు.

బాపు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"మంచిగనే రాసిండ్రు," అన్నాడు. "పార్టీ అన్నంక ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలె గదా."

"ఆ ఎవరో ఒకరు ఎప్పటికి నువ్వేనా బాపు?"

"మరి ఇంకెవలున్నరు? పెద్దోల్లు తీసుకుంటే పార్టీ నడుస్తదా?"

ఆయన వెటకారం చేయడం లేదు. మా ఇంట్లో వెటకారం మొత్తం నా వాటాకే వచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆరేళ్ళంటే ఎన్ని ఎన్నికలు పోతాయని అడిగింది. ఎవరమూ లెక్కపెట్టలేదు.

రిపోర్టు సంగతి చెప్పడానికి అక్క ఇంటికి నేనే వెళ్ళాను. ఆమె బిడ్డను పిలిచి, "విన్నవా? మీ నాయినకు ఎరికలేదు. ఎరికుంటే లేసేటోడు," అంది. ఆ పిల్ల తలూపి లోపలికి పోయింది. అక్క కళ్ళు తుడుచుకుంది. ఒక్క నిమిషమే.

"మిషను లోపలనే ఉన్నది చిన్న సేట్. బిల్డింగుకు సీలేసిండ్రు. ఆ మిషను ఇప్పిస్తే నేను గూడ బ్లౌజులు కుట్టుకుంట. ఆఫీసుల అడిగితే నగర్‌సేవక్ లెటరు తెమ్మంటున్నరు."

"ఏ నగర్‌సేవక్?"

"ఒక్కడే గదా ఉన్నది."

రిపోర్టు వచ్చినా, పేపర్లు రాసినా, కూలిన బిల్డింగులోంచి కుట్టుమిషను బయటికి రావాలంటే భావూ ఉత్తరం కావాలి. ఇంటికొచ్చి చెప్పాను. బాపు అప్పుడే స్నానం చేసి వచ్చాడు. విని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఆమెను రమ్మను. నేను తోల్కపోత. నా మాట తీసెయ్యడు."

"బాపు, నిన్ను తీసేసిండు గదా."

"పార్టీ తీసేసింది. భావూ ఏడ తీసేసిండు?"

ముగ్గురం వెళ్ళాం. భావూ ఆఫీసు గుమ్మం దగ్గర ఒక కుర్రాడు బాపును చూసి లేవబోయి, లోపలికి ఒకసారి చూసి, మళ్ళీ కూర్చున్నాడు. "కాకా, మీటింగు నడుస్తుంది. జర గిక్కడ కూసోండ్రి," అన్నాడు.

ఇన్నేళ్ళలో బాపు ఆ గుమ్మం ముందు ఆగడం నేను చూడలేదు. బయట, అర్జీలు పట్టుకున్నవాళ్ళ కోసం వేసిన బెంచీ మీద అక్క పక్కన కూర్చున్నాడు. అరగంట. గంట. మీటింగు అయిపోయి మనుషులు బయటికొచ్చారు. ఇంకో మీటింగుకు మనుషులు లోపలికి పోయారు. కొందరు బాపుకు నమస్కారం పెట్టి, పెట్టిన చేతిని తొందరగా జేబులో దాచుకున్నారు.

బాపు ఊరికే కూర్చోలేదు. పక్కన ఉన్న ముసలాయన అర్జీ తీసుకుని చూశాడు. "దీనికి ఆధార్ జిరాక్స్ లేదు గదా, పోయి తెచ్చుకో, లేకుంటే లోపల తిప్పి పంపుతరు," అన్నాడు. ఇంకొకామెకు ఏం ముందు చెప్పాలో, ఏం చెప్పకూడదో చెప్పాడు. బెంచీ మీదివాళ్ళు ఒక్కొక్కరే ఆయన వైపు జరిగారు. అందరి పనీ చూసి, అక్క కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒడిలో పెట్టుకుని గుమ్మం వైపు చూశాడు.

నేను ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి బాపు నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు పో."

"ఎందుకు? పని అయినంక పోదాం, ముగ్గురం."

"నిన్ను చూస్తే భావూకు అన్ని యాదికొస్తయి. ఈమె మిషను ఆగుతది."

అక్క నా వైపు చూసింది. కాదనలేదు. నేను బండి తీసి, మూల మీద జిరాక్స్ షాపు దాకా పోయి, వాళ్ళకు కనబడకుండా ఆపి, వాళ్ళ పని అయ్యేదాకా ఉందామనుకున్నాను. అక్కడినుంచి గుమ్మం కనిపించదు. ఎవరైనా బయటికి వస్తే చప్పుడు వినబడుతుంది, అంతే.